డెల్టా వరిసాగు: నీటి మితము, లాభనష్టముల విచారము, మన కర్తవ్యము

(చోడవరమునందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



మేము జీవితకాలమంతయు బడిపంతులుగా గడపినవారము. కావున ఈ మహాసభయందు విద్యను గూర్చియో, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియో ప్రసంగింతుమని పలువురు తలచియుందురు. ఆ రెండు విషయములను మాకంటె చక్కగా చెప్పగలవారు ఈ వేదికపై నున్నారు. మేము వరిచేనిని గూర్చి నాలుగు మాటలు చెప్ప దలచితిమి. మన సంఘములో ఉద్యోగములు చేయువారును, వర్తకము చేయువారును ఎందఱున్నను, మన కుటుంబముల వేళ్ళు మడిగట్టుననే యున్నవి. ఈ పందిట కూర్చున్నవారిలో మడి దున్నువారు కలరు. మడిని కౌలుకిచ్చి పట్టణమున వసించువారును కలరు. మా మనవి యిరుతెగలవారికిని చెందినదే. రెండవ తెగవారికి కొంచె మెక్కువగా చెందునని ముందుగానే విన్నవించుచున్నాము.

ఇటీవల వాతావరణము మాఱుచున్నదనియు, అందుకు తగినట్లు వరిసాగును మార్చుకొనవలయుననియు పత్రికలలోను, వ్యవసాయశాఖవారి సభలలోను తఱచుగా వినుచున్నాము. పద్ధతులు పెక్కు చెప్పబడుచున్నవి. వానిలో నేది గ్రాహ్యము, ఏది త్యాజ్యము, ఏది కొన్ని నేలలకే తగినది అను విచారము మాత్రము తక్కువగా జరుగుచున్నది. ఈ విచారమునకు గోదావరీ డెల్టాను మించిన పరీక్షాస్థలము మన ఆంధ్రదేశమున లేదు. ఏలన, వరికి నీరు చాలకపోవుట, నీ రెక్కువై పోవుట అను రెండు కష్టములును ఒక్కచోటనే యచట కానవచ్చును.

పూర్వకథ మీ రెఱిగినదే. 1832, 1833 సంవత్సరముల డొక్కల కఱవున మన తీరదేశమున ప్రాణనష్టము అపారముగా జరిగెను. సర్ ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్ట నారంభించి 1852 నాటికి ముగించిరి. నాటినుండి సార్వా, దాళ్వా అను రెండు పంటల సీమగా ఆ దేశము ప్రసిద్ధి కెక్కెను. 1925లో మార్టేరునందు వరి పరిశోధనాస్థానము ఏర్పడెను. అచ్చట పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ అను వంగడము మన రాష్ట్రమునే గాక ఒరిస్సా, వంగదేశములను సైతము పోషించినది. ఇంతటి భాగ్యము గల నేలకు నేడేమి కష్టము వచ్చినది?

మొదటి కష్టము తుపాను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను, 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను కూల్చిన గాలివానను, 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్లవద్ద తీరము దాటిన మిచాంగ్ తుపానును తలచుకొనుడు. మన ప్రాంతమునకు 2014 అక్టోబరు 12వ తేదీ హుద్‌హుద్ చాలును. ఇవన్నియు సార్వా పైరు ఈనియున్నప్పుడో, పనలు చేనిలో నున్నప్పుడో వచ్చినవే. ఆఱునెలల కష్టము ఒక్కరాత్రిలో నీటిపాలగును.

రెండవ కష్టము సముద్రము. నదులు తెచ్చు ఒండ్రుమట్టియే డెల్టాకు శరీరము. ఎగువ జలాశయములలో ఆ ఒండ్రు చాలభాగము నిలిచిపోవుటచేత క్రిందినేల పెరుగుట మానినది. సముద్రమట్టము మాత్రము పెరుగుచున్నది. తీరపు పొలములలో ఉప్పు తలయెత్తుచున్నది. రొయ్యల చెఱువులు ప్రక్కన చేరినచోట ఈ బాధ మఱింత యధికము.

మూడవది నీటికొఱత. దాళ్వా కాలమున గోదావరిలో సహజప్రవాహము చాలదు. సీలేరు విద్యుత్కేంద్రములనుండి వచ్చు నీటికై యెదురుచూచుట, వంతులు వేసికొనుట, శివారు చేలు ఎండుట అచ్చటివారికి క్రొత్త కాదు.

నాల్గవ విషయము మనలో పెక్కుఱకు వింతగా తోచును. వరిచేను తాను బాధపడుటయే గాక, వాతావరణము వేడెక్కుటకు కొంత కారణమును అగుచున్నది. నీరు నిలిచిన బురదలో నడచునపుడు బుడగలు పైకి వచ్చుట మీరందఱు చూచియుందురు. 1776లో వోల్టా అను ఇటలీదేశపు పండితుడు మజ్జోరె సరస్సు ఒడ్డున బురదను కదిపి, ఆ బుడగలను సీసాలో పట్టి, అవి మండునని కనుగొనెను. అదియే మీథేను వాయువు. మడిలో నీరు ఎడతెగక నిలిచినపుడు మట్టికి గాలి తగులదు. గాలిలేనిచోట బ్రదుకు సూక్ష్మజీవులు కుళ్ళిన మోళ్ళను తిని ఈ వాయువును విడుచును. నూఱేండ్ల లెక్కన చూచినచో ఇది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 27 రెట్లు వేడిని బంధించును. ప్రపంచమున మానవకృత్యములవలన వెలువడు మీథేనులో వరిపొలముల వంతు సుమారు 8 శాతము. దీనికి రైతును దోషిగా నిలుపుట అన్యాయము. అతడు పొగగొట్టములు కట్టినవాడు కాడు, అన్నము పండించువాడు. అయినను తనకు మేలు చేయుచు లోకమునకును మేలు చేయు మార్గ మున్నచో దానిని తెలిసికొనుట వివేకము.

ఇక పద్ధతులను పరీక్షింతము. ప్రతిదానిని మూడు ప్రశ్నలతో తూచవలయునని మా యభిప్రాయము. గింజ తఱుగునా? చెడ్డయేట నిలుచునా? కష్టమెవరిది, ఫలమెవరిది? మొదటి రెండు ప్రశ్నలను శాస్త్రజ్ఞు లడుగుచున్నారు. మూడవ ప్రశ్నను అడుగువారే తక్కువ.

మొదట తడియార్పు పద్ధతి. ఉభాలైన పది పదునైదు దినములకు మొదలిడి, మడికి అయిదు సెంటీమీటర్ల నీరు పెట్టి, దానిని ఇంకనిచ్చి, నేల నెఱ్ఱెలు విచ్చకమునుపే మఱల తడి యిచ్చుట దీని సారము. ఎప్పుడు తడి యీయవలయునో తెలియుటకు రంధ్రములు గల ఒక గొట్టమును మడిలో పాతుదురు. గొట్టములో నీరు నేలమట్టమునకు పదునైదు సెంటీమీటర్లు దిగినచో నీరు పెట్టవలయును. పైరు ఈనుటకు వారము ముందునుండి వారము తరువాతవఱకు మాత్రము నీరు తీయరాదు. ఫిలిప్పీన్సునందలి అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థవారు దీనిని ప్రచారము చేసిరి. ఇట్లు చేసినచో గింజ తఱుగక నీరు ముప్పది శాతమువఱకును పొదుపగుననియు, మీథేను సుమారు సగమునకు తగ్గుననియు పరీక్షలవలన తేలినది. అయితే ఒక హెచ్చరిక కలదు. ఆఱియు తడిసియు నున్న నేలలో యూరియాను మితిమీఱి చల్లినచో నైట్రస్ ఆక్సైడు అను మఱియొక వాయువు పుట్టును. అది మీథేనుకంటెను తీక్ష్ణమైనది. కావున నీటి మితము, ఎరువు మితము జంటగా నుండవలయును.

ఇచ్చట మా విద్యకు సంబంధించిన ముచ్చట యొకటి. కృషిపరాశర మను ప్రాచీన సంస్కృతగ్రంథము కలదు. వానలెక్కలు, ఎడ్ల పోషణము, విత్తనముల రక్షణము మున్నగునవి అందు చెప్పబడినవి. భాద్రపదమున వరిమడిలోని నీటిని, వేళ్ళమట్టున మాత్రము నిలిపి, విడిచివేయవలయుననియు, అట్లు చేసినచో పైరుకు తెగుళ్ళు రావనియు ఆ గ్రంథకర్త విధించెను. ఆశ్వయుజ కార్తికములలో, అనగా పైరు ఈను కాలమున, నీటిని తప్పక కాపాడవలయుననియు చెప్పెను. ఆయనకు మీథేను తెలియునని చెప్పుట మా యుద్దేశము కాదు; ఆయన కోరినది పైరు ఆరోగ్యమే. కాని వరి నీటిమొక్క గనుక నిరంతరము మునిగియుండవలయునను నమ్మకము మన పూర్వులందఱిది కాదని దీనివలన స్పష్టము. ఎప్పుడు విడువవలయునో, ఎప్పుడు నిలుపవలయునో యెఱుగుటయే సేద్యము.

ఇంత మంచి పద్ధతి డెల్టాయందు ఏల వ్యాపింపలేదు? ఇందుకు కారణములు మడిలో లేవు, కాలువలో నున్నవి. అచ్చట నీరు చేనినుండి చేనికి పాఱును. పైవాడు తడి పెట్టినప్పుడు క్రిందివానికి వలదన్నను వచ్చును. పైవాడు కట్టివేసినప్పుడు వేడుకొన్నను రాదు. తానొక్కడే మడి నార్చుకొనుట అసాధ్యము. సార్వాలో వాన కురియుచుండగా ఆర్పు మాటయే లేదు. దాళ్వాలో ఆర్పవచ్చును గాని, ఆర్పినపిదప వంతునాటికి నీరు వచ్చునను నమ్మకము శివారు రైతునకు లేదు. నమ్మకము లేనివాడు దొరికిన నాడే మడి నిండ నింపుకొనును. దానిని దురాశ యనరాదు, అది భయము. మఱియు నీటితీరువ ఎకరమునకింతయని యున్నది గాని వాడిన నీటికింతయని లేదు. నీటిని పొదుపు చేసినవానికి పైసా మిగులదు. మిగిలిన నీరు వేఱొకరికి పోవును, తగ్గిన వాయువు లోకమునకు మేలు, మడిగట్టున కాపలా మాత్రము తనది. మా మూడవ ప్రశ్నకు ఈ పద్ధతి యిచ్చు సమాధాన మిది. కాలువ క్రింద నొక బోదె రైతులందఱును కలిసి, వంతును నిక్కముగా నిలుపుకొన్నచోట ఇది గ్రాహ్యము, ఒంటరివానికి కాదు. నూతి క్రింద దాళ్వా వరి వేయువానికి మాత్రము ఒంటరిగానైనను లాభమే. శ్రమయు నీరును అతనివే గదా.

రెండవది శ్రీ పద్ధతి. ఫ్రెంచి పూజారి హెన్రీ ద లొలానియె గారు మడగాస్కరు ద్వీపమున 1983 ప్రాంతమున దీనిని రూపొందించిరి. ఎనిమిది మొదలు పండ్రెండు దినముల లేతనారు, కుదురున కొక్క మొక్క, ఇరువదియైదు సెంటీమీటర్ల యెడము, నిలువనీరు లేకుండుట, కలుపును యంత్రముతో మట్టిలో త్రొక్కుట దీని లక్షణములు. ఎకరమునకు రెండు కిలోల విత్తనము చాలును. ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు 2003 సార్వాలో మన రాష్ట్రపు జిల్లాలలో దీనిని పరీక్షించిరి. పిలకలు బాగుగా వచ్చినవి, దిగుబడియు పెక్కుచోట్ల పెరిగినది. కాని ఆనాటి యుత్సాహము నిలువలేదు. లేతనారును నాటుటకు నేర్పుగల కూలీలు కావలయును. సమయమునకు వారు దొరకరు. డెల్టా పల్లములో నాటిన మఱునాడు పెద్దవాన వచ్చినచో ఆ లేతమొక్క నీట కలియును. చిన్న కమతము, ఇంటిమనుషుల కష్టము, మురుగు పోవు నేల యున్నవారికి ఇది తగినది.

మూడవది వెద. దమ్ము చేసిన మడిలో మొలకవిత్తనమును డ్రమ్ము సీడరుతో వరుసగా వేయుటగాని, పొడిదుక్కిలో విత్తుటగాని ఇందులో నున్నవి. ఇది మన ఉత్తరాంధ్రమునకు క్రొత్త కాదు. ఎదలు వేయుట మన తాతల వాడుకయే. ఆకుమడి ఖర్చు, నాటు కూలి మిగులును. పంట వారము పదిదినములు ముందుగా వచ్చును. తుపాను ఋతువున పదిదినములు ముందుగా కోయుట సామాన్యలాభము కాదు. దోషమేమన, కలుపు. మందులతో కలుపును చంపవచ్చును గాని ఏటేట అదే మందు చల్లినచో కలుపే దానికి అలవాటుపడును. కావున మధ్యమధ్య నాటుపద్ధతికి మఱలుట మేలు.

నాల్గవది వంగడము. ఒరిస్సాయందలి యొక నాటురకములో ముంపునకోర్చు గుణము నుండగా దానిని స్వర్ణలోనికి తెచ్చి స్వర్ణ సబ్-1 అను వంగడమును 2009లో విడుదల చేసిరి. ఎదుగుచున్న పైరు రెండు వారములు పూర్తిగా మునిగినను, నీరు తీసినపిదప మఱల చిగురించును. ఇది కొనియాడదగినదే. కాని ఈనినపిదప పడిపోయిన చేనిని ఏ ముంపుగుణమును కాపాడజాలదు. వెన్నుమీదనే గింజ మొలకెత్తుట తుపాను నాటి గొప్పనష్టము. అందులకు స్వల్పకాలిక వంగడము, గట్టికాండము, కోసినపిదప రెండు మూడు వారములు మొలవక నిద్రించు విత్తనగుణము కావలయును. మఱియు నీరు ముందుగా విడువవలయును. 2022లో గోదావరీ డెల్టాకు జూను 1వ తేదీననే నీరు విడిచిరి, ఉద్దేశము ఇదియే.

అయిదవది మాగాణి మినుము. వరి కోతకు రెండు మూడు దినముల ముందు నిలుచున్న చేనిలోనే మినుములు చల్లి, మిగిలిన పదునుతోనే పండించుట డెల్టా రైతులకు తరతరముల విద్య. నీరక్కఱలేదు, దుక్కి అక్కఱలేదు, నేలకు బలము, ఇంటికి పప్పు. దాళ్వా వరికి బదులు మినుము వేసిన ఎకరమున నిలువనీరే యుండదు గనుక బురదవాయువును ఉండదు. కోతయంత్రములు వచ్చినపిదప చక్రముల క్రింద మొలకలు నలుగుట ఒక చిక్కుగా నున్నది. అందుచేత కొందఱు కోత ముగిసినపిదప విత్తుచున్నారు. పచ్చిరొట్టకు జీలుగ, జనుము వేయుట మంచిదే గాని, దానిని నీట కుళ్ళనిచ్చినచో మీథేను పెరుగును. దున్ని, కొన్నిదినములు గాలి తగులనిచ్చి, పిదప నీరు పెట్టవలయును.

ఇక కడపటిది మురుగు కాలువ. దీనిని ఎవరును నూతనపద్ధతి యనరు. మా దృష్టిలో ఇదియే మొదటిది. డెల్టాకు నీరు తెచ్చు కాలువలకు వచ్చిన కీర్తి నీరు తీయు కాలువలకు రాలేదు. 1960ల ప్రాంతమున మిత్రా సంఘమువారు కృష్ణా గోదావరీ డెల్టాల మురుగును గూర్చి విచారించి సూచన లొసగిరి. అయినను నేటికిని గుఱ్ఱపుడెక్క, పూడిక, ఆక్రమణలు ఆ కాలువలను మూయుచునే యున్నవి. 2011లో కోనసీమ రైతులు సార్వా సాగునే మాని పంటవిరామము ప్రకటించిరి. గిట్టని ధర, కూలీల కొఱతతోపాటు మురుగు బాధయు వారి మొఱలలో నొకటి. మునిగిన చేనినుండి నీరు మూడవనాడు తీసినచో పైరు బ్రదుకును; పదవనాడు తీసినచో బ్రదుకదు. ఎంత గొప్ప వంగడమైనను మూసిన కాలువకు ప్రత్యామ్నాయము కాజాలదు.

మహాశయులారా! ఈ డెల్టా పురాణము చోడవరమున నేల యని కొంద ఱడుగవచ్చును. 2022లో మన మండలము అనకాపల్లి జిల్లాలో చేరినను, విశాఖమండలమువారమనియే మనకు వాడుక. మన శారదానది గోదావరి కాదు. మన్యపు కొండలలో పుట్టి, అనతిదూరములోనే సముద్రమును చేరునది. వానవచ్చినచో ఒక్కదినములో పొంగును, వాన వెలిసినచో ఇసుక తేలును. రైవాడ జలాశయపు నీరు మన చేలకును, విశాఖపట్టణపు దాహమునకును పంచబడుచున్నది. పట్టణము పెరుగుచున్నది గాని జలాశయము పెరుగదు. చెఱకునకు నీరు కావలయును, వరికి నీరు కావలయును. కావున డెల్టావారికి నీటి మితము ఒక యెన్నికయైనచో మనకది రేపటి విధి. చెఱువు క్రింద సేద్యము చేయు మనకు ఒక సౌకర్యమును కలదు. డెల్టా కాలువ వందలగ్రామములది. మన చెఱువు ఒక్క ఊరిది. మదుమువద్ద పదిమంది కూర్చుండి వంతు నిర్ణయింపవచ్చును. ఒంటరివానికి కాదని మేమన్న తడియార్పు, మాట కట్టుబడి గల ఊరికి సాధ్యమే.

కావున ఈ మహాసభకు మూడు మనవులు. మొదటిది: ప్రతి గ్రామమునందు మనవారి మళ్ళలో ఒక యెకరమును రెండు సగములు చేసి, ఒక సగమున వాడుక సాగు, రెండవ సగమున తడియార్పుగాని వెదగాని చేయింపుడు. ఎన్ని తడు లిచ్చినది, ఎంత కూలి అయినది, కళ్ళమున గింజ యెంత తూగినది ఒక పుస్తకమున వ్రాయింపుడు. లెక్కలు నేర్చు బాలురకు ఇంతకంటె మంచి పాఠము లేదు. నష్టమేమైన వచ్చినచో సంఘనిధి భరింపవలయును. పరీక్ష మనది గనుక నష్టమును మనదే. రెండవది: రోహిణికార్తెకు ముందే చెఱువు కాలువలను, మురుగు కాలువలను బాగుచేయుటకు సంఘమువారు ఒకదినము కేటాయింపవలయును. ఊరిలో కాలువ కులమునకు చెందదు. అందఱిని పిలిచి చేయవలయును.

మూడవది పోషకులైన భూస్వాములకు. మన మళ్ళను దున్నుచున్నది చాలవఱకు కౌలుదారులు. క్రొత్తపద్ధతిని చేయుమని వారికి చెప్పుట సులభము. గింజ తఱిగినను కౌలు తఱుగదను భయముతో నున్నవాడు కొత్తదాని నేల పట్టును? పైరు మునిగిననాడు సాయము గాని, బ్యాంకు ఋణము గాని, ఆ పొలము తాను దున్నుచున్నట్లు కాగితము లేనిచో వానికి అందుట దుర్లభము. 2019లో చేయబడిన పంట సాగుదారు హక్కుల చట్టము ప్రకారము భూస్వామి అంగీకారముతో పదునొకండు నెలల కార్డు నీయవచ్చును. యాజమాన్యహక్కునకు దానివలన భంగము లేదని ఆ చట్టమే చెప్పుచున్నది. అయినను సంతకము చేయుటకు మనలో పెక్కురు వెనుదీయుచున్నారు. మాకును కొంత భూమి కలదు. మా కౌలుదారునకు సంతకము చేసియే ఈ మాట చెప్పుచున్నాము. భూమి ఎక్కడికిని పోలేదు. మఱియు పరీక్ష చేయు ఎకరమువఱకైనను, గింజ తఱిగిన పాళ్ళలో కౌలును తగ్గించుకొనుడని వేడుకొనుచున్నాము.

నీరు పల్లమెఱుగునని సామెత. నష్టమును అట్లే పల్లమెఱుగును. అందఱికంటె క్రిందనున్నవాని మడిలోనే నిలుచును. ఆ మడినుండి దానిని తీయు కాలువ సంఘమే కావలయును.  ఈ యేడు మన చెఱువులు నిండుగాక; మన కళ్ళములు చల్లగా నుండుగాక.

స్వస్తి.